గోడకు బూజు పడితే ఎవరినడగాలి?

పండగ ముందు కర్రకు చీపురు కట్టి బూజు దులపడం మనకు అలవాటైన పనే. సాలీడు అల్లిన బూజు ఒక్క విసురుకు పోతుంది. కానీ ముసురు వెలిశాక మంచం వెనక గోడమీదా, బీరువా చాటునా నల్లగా, పచ్చగా మచ్చలు కట్టే బూజు వేరు. అది శిలీంధ్రం. పొడి చీపురుతో దులిపితే కంటికి కనబడని దాని పొడి గదంతా లేచి, పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్ళలో ఉండేవారికి దగ్గు, ఆయాసం, ఉబ్బసం బాధలు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది.

మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇందుకు కారణం కాళ్ళ కిందే ఉంది. పత్తికీ మిరపకీ బంగారంలాంటి నల్లరేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. దానితో పాటే గోడలూ బీటలిస్తాయి. ఆ సందుల్లోంచి వాననీరు, పునాదిలోంచి చెమ్మ. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం లాంటి తుఫాను వస్తే ఇక చెప్పేదేముంది!

పర్మిషన్ కావాలా?

బూజు తీయించడానికి మున్సిపాలిటీనో, పంచాయతీనో అడగాలేమోనని సందేహం అక్కర్లేదు. సున్నం, రంగు వేయించడం, పెచ్చులూడిన చోట ప్లాస్టరింగ్, గచ్చు మార్చడం లాంటి పనులకు పర్మిట్ అవసరం లేదని 2016 నాటి జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతోంది. గోడ పడగొట్టి కట్టాలన్నా, శ్లాబు మార్చాలన్నా మాత్రం అనుమతి తీసుకోవాల్సిందే. అపార్టుమెంటులో అయితే బయటి గోడలూ, పైపులూ అందరివీ కాబట్టి ముందు అసోసియేషన్‌కు చెప్పాలి.

మన ఊళ్ళ పిల్లలెందరో స్థిరపడిన అమెరికాలోని టెక్సాస్‌లో సంగతి వేరు. ఒకేచోట 25 చదరపు అడుగులు, అంతకు మించి బూజు పడితే దాన్ని డబ్బు తీసుకుని తొలగించేవారికి లైసెన్సు ఉండాలి. పైగా పరీక్ష చేసి చెప్పినవారే ఆ ఇంట్లో తీసే పని చేయకూడదు. రోగం ఉందని చెప్పేవాడూ, మందు అమ్మేవాడూ ఒకడే కాకూడదన్నమాట! మన దగ్గర చెదల మందు కొట్టే వ్యాపారానికి లైసెన్సు ఉంది గానీ, బూజు తీసేవారికి ప్రత్యేకించి లేదు. కాబట్టి ఆ కాపలా మనమే కాయాలి. వచ్చినవాణ్ణి ఒక్కటే అడగండి: “నీరు ఎక్కణ్ణుంచి వస్తోంది?” దానికి జవాబు చెప్పకుండా రంగు డబ్బా చూపించేవాడికి పని ఇవ్వకండి.

రంగు వేస్తే బూజు పోదు. బ్రిటన్‌లోని రోచ్‌డేల్‌లో ఓ కుటుంబం బూజు గురించి చెప్పుకుంటే పైన రంగు వేసుకోమన్నారు. చివరికి 2020 డిసెంబరులో వాళ్ళ రెండేళ్ళ బిడ్డ అవాబ్ ఊపిరాడక చనిపోయాడు. ఆ పేరుతోనే చట్టం వచ్చి, 2025 అక్టోబరు నుంచి ఇంగ్లండులో ప్రభుత్వ, సంఘ గృహాల యజమానులు చెమ్మ, బూజు ఫిర్యాదులపై గడువులోగా కదలాల్సి వచ్చింది.

మన చట్టాల్లోనూ ఆసరా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. ఏ రిపేరు ఎవరిదో అగ్రిమెంటులో ముందే రాయించుకుంటే పేచీ ఉండదు. నోటితో కాక కాగితం మీద అడగండి, గోడ ఫొటో తీసి ఉంచండి. రెరాలో నమోదైన కొత్త ఫ్లాటయితే, స్వాధీనం చేసిన 5 ఏళ్ళలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి.

మన చేతిలో పని

మూడడుగుల చదరానికి లోపు మచ్చయితే మనమే తీసుకోవచ్చు. ముక్కుకు మాస్కు, చేతులకు గ్లవుజులు వేసుకుని, కిటికీలు తెరిచి, సబ్బునీళ్ళతో తడిపి రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, ఫ్యాను పెట్టి ఆరనివ్వాలి. ఆయాసం ఉన్నవారిని ఆ పూట వేరే గదిలో ఉంచండి. బ్లీచింగ్ పౌడరు, బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది. మిరపతోట తెగుళ్ళకు కొట్టగా మిగిలిన మందు ఇంట్లో ఉంది కదా అని గోడకు కొట్టే ఆలోచన అసలొద్దు. అది పైరు కోసం చేసింది, పడగ్గది కోసం కాదు. బూజుపట్టిన దూది పరుపును మళ్ళీ ఏకించి వాడకుండా పారేయడమే మంచిది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి.

మళ్ళీ మళ్ళీ అదే చోట బూజు పడుతుంటే, తుడుస్తూ కూర్చోకుండా మేస్త్రిని పిలిచి నీటి దారి వెతికించాలి. జాడీలో పచ్చడికి బూజు పడితే తడి గరిటె ఎవరు పెట్టారని అడుగుతాం కదా, ఇదీ అంతే. వచ్చే వానలకు ముందే ఓసారి డాబా ఎక్కి, గొట్టాలూ బీటలూ చూసి రండి.