రేడియేటరులో పోసే నీరు: దుక్కికి ముందే చూడవలసిన సంగతి

రోహిణి కార్తె ఎండలు తగ్గి తొలకరి పడిందంటే పాత్రపూర్ పరిసర గ్రామాలలో ట్రాక్టరుకు విశ్రాంతి ఉండదు. అందులోనూ దమ్ము పట్టే రోజులు ఇంజనుకు అసలు పరీక్ష. బురదలో ఇనుప చక్రాలతో, పూర్తి బరువు మీద, నెమ్మదిగా కదిలే బండికి రోడ్డు మీద తగిలే ఎదురుగాలి కూడా తగలదు. వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంది. మూత అంచున ఆవిరి చిమ్ముతుంది. డ్రైవరు కాసేపు ఆపి, పక్క కాలువలో బకెట్టు ముంచి రేడియేటరులో పోసి, మళ్లీ పనిలోకి దిగుతాడు. ఆ పూట గడుస్తుంది. అలా పోసిన బకెట్లే కొన్నేళ్లకు సిలిండరు హెడ్డు పగలడానికో, గ్యాస్కెట్టు కాలడానికో దారి తీస్తాయన్నది ఖర్చు మీద పడిన తరువాత గాని తెలియదు.

ఇంజనులో నీరు తిరిగే దారి చిన్నది. పంపు నీటిని సిలిండర్ల చుట్టూ ఉన్న ఖాళీలలోకి తోస్తుంది. అక్కడ వేడెక్కిన నీరు పై గొట్టం ద్వారా రేడియేటరుకు చేరి, సన్నని నాళాలలో దిగుతూ ఫ్యాను గాలికి చల్లబడి, కింది గొట్టం ద్వారా మళ్లీ ఇంజనుకు వస్తుంది. బరువుకు బరువు లెక్క వేస్తే గాలి కంటే నీరు నాలుగు రెట్లకు పైగా వేడిని మోయగలదు. అందుకే ఈ పనికి నీటిని ఎన్నుకున్నారు. ఆ వలయంలో ఎక్కడ అడ్డు పడినా వేడి ఇంజనులోనే నిలిచిపోతుంది.

అడ్డుపడేది ఎక్కువగా సున్నమే. బోరు నీరు కాచే గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టడం ప్రతి ఇంటిలోనూ చూసే విషయం. కఠిన జలంలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడిపోయి లోహానికి అంటుకుంటాయి. ఇంజను లోపల జరిగేదీ అదే. సున్నపు పొర లోహం వలె వేడిని దాటనివ్వదు. పలుచని పొర పట్టినా, ముల్లు మామూలుగా చూపుతుండగానే సిలిండరు గోడ మాత్రం మరింత వేడెక్కవచ్చు. ఇక్కడ గమనించవలసినది మరొకటి ఉంది. ఒకసారి పోసి మూసిన నీటిలో ఉన్న సున్నం ఆ ఒక్కసారికే పరిమితం. కారుతున్న గొట్టాన్ని బాగు చేయించకుండా వారానికొకసారి కొత్త నీరు పోసే బండికి వారం వారం కొత్త సున్నం చేరుతుంది. కనుక చిన్న కారుడే పెద్ద శత్రువు. సముద్రం వైపు గ్రామాల ఉప్పు బావుల నీరయితే సున్నంతో పాటు తుప్పును కూడా తెస్తుంది.

మరి ఏ నీరు పోయాలి? బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీరు ఉత్తమం. దానిలో బండి పుస్తకంలో చెప్పిన రకం కూలెంటును, చెప్పిన పాళ్లలో కలపాలి. మన ప్రాంతంలో నీరు గడ్డకట్టే చలి లేదు కదా, కూలెంటు దేనికని కొందరంటారు. తుప్పును ఆపడం, నీరు మరిగే ఉష్ణోగ్రతను పెంచడం కూడా దాని పనులే. ఇంట్లో నీటి శుద్ధి యంత్రం వదిలివేసే వ్యర్థ నీటిని మాత్రం పోయరాదు. అందులో లవణాలు మామూలు నీటి కంటే ఎక్కువ.

పాత నీరు మార్చడం ఒక ఉదయం పని. ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. రేడియేటరు అడుగున, ఇంజను పక్కన ఉన్న కుళాయిలు విప్పి నీటిని వెడల్పు పళ్లెంలోకి వదలాలి. నీరు తుప్పు రంగులో ఉంటే శుభ్రమైన నీరు నింపి, పై గొట్టం వేడెక్కే వరకు నడిపి, చల్లారిన తరువాత మళ్లీ వదలాలి. తేటగా వచ్చే వరకు ఇలా చేయాలి. మొండి పెచ్చుకు రేడియేటరు కోసం అమ్మే మందు వాడవచ్చు గాని, మరుగుదొడ్డి కడిగే యాసిడ్డు పోస్తే లోహమే పోతుంది. చాకలి సోడా అల్యూమినియం భాగాలను తింటుంది. కొత్త నీటిని నెమ్మదిగా పోసి, మూత తెరచి కాసేపు నడిపితే లోపలి గాలి బుడగలుగా బయటికి వస్తుంది. మట్టం తగ్గినంత మేరకు నింపి మూత బిగించాలి. వదిలిన నీటిపై నూనె తేలినా, ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు మారినా గ్యాస్కెట్టు పోయినట్టు అనుమానించి మెకానిక్కును పిలవడమే మంచిది.

నూర్పిళ్ల తరువాత రేడియేటరు రెక్కల మధ్య ఊక, ధూళి పేరుకుంటాయి. లోపల ఎంత మంచి నీరున్నా బయట గాలి ఆడకపోతే ప్రయోజనం లేదు. ఫ్యాను వైపు నుండి బయటికి మెల్లని గాలితో ఊదాలి. సర్వీసింగు షాపు నీటి ధార దగ్గరగా కొడితే రెక్కలు వంగుతాయి.

మూత విషయంలో తొందర పనికిరాదు. బిగించిన మూత లోపల ఒత్తిడిని నిలుపుతుంది. అందువల్ల 100 డిగ్రీలు దాటినా నీరు మరగదు. మూత విప్పిన క్షణంలో ఒత్తిడి పడిపోయి ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. బండి పొగలు కక్కుతుంటే చూడడానికి చుట్టూ మూగేది పిల్లలే కనుక వారిని ముందుగా దూరం పంపాలి. ఎర్రగా కాలిన ఇంజనులో చల్లని నీరు గుమ్మరిస్తే హెడ్డు చీలవచ్చు.

ఇదే విద్య కంప్యూటర్లలోనూ ఉంది. ఐబీఎం సంస్థ 1980లో ప్రకటించిన 3081 అనే పెద్ద యంత్రంలో చిప్పుల వేడిని నీటి సాయంతోనే తొలగించేవారు. వీడియో ఎడిటింగు కోసమో ఆటల కోసమో పట్టణాలలో శక్తిమంతమైన కంప్యూటరు కూర్చుకొనే యువకులు కొందరు చిన్న పంపు, రేడియేటరు, గొట్టాలు తామే బిగించుకుంటున్నారు. వారు కుళాయి నీరు ముట్టుకోరు. నాచు పట్టకుండా మందు కలుపుతారు. రాగి భాగాల పక్కన అల్యూమినియం పెట్టరు, రెండూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినివేయబడుతుంది గనుక. బిగించాక మిగతా భాగాలకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే గంటల తరబడి నడిపి, కీళ్ల కింద కాగితం పరచి, తడి కనబడుతుందేమో చూస్తారు. ఏడాదికొకసారైనా నీరు మారుస్తారు. పది కిలోల పెట్టెకు ఇంత చూసే కాలంలో అప్పు తెచ్చి కొన్న ట్రాక్టరుకు కాలువ నీరు పోయడం విడ్డూరమే.

తీసివేసిన పాత కూలెంటును చెరువులోకో పెరటిలోకో వదలరాదు. చాలా రకాలలో ఉండే ఇథిలిన్ గ్లైకాల్ రుచికి తియ్యన, శరీరానికి విషం. కుక్కలు, పశువులు నాకుతాయి, పిల్లలు శరబత్తు అనుకుంటారు. ఎవరైనా తాగినట్టు తెలిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. శీతల పానీయం సీసాలో నిల్వ చేయకుండా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పేరు రాసి, బరంపురంలోనో ఇచ్ఛాపురంలోనో బండి సర్వీసుకు వెళ్లినప్పుడు పాత ఆయిలు తీసుకొనే గ్యారేజీలో అడిగి అప్పగించవచ్చు.