ముద్ద గొంతులో ఎందుకు ఆగుతుంది?

తలకిందులుగా ఉన్నా మింగిన ముద్ద పొట్టకే చేరుతుంది. అంటే దాన్ని నడిపేది బరువు కాదు, అన్నవాహిక కండరాల్లో పుట్టే అల. నమలడం మన చేతిలో ఉంది. గొంతు దాటాక పని నాడులది, ముఖ్యంగా వేగస్ నాడిది. ఈ నాడి కూడా భాగమైన, మన ప్రమేయం లేకుండా గుండెను, జీర్ణక్రియను నడిపే స్వయంచోదిత నాడీవ్యవస్థ గాడి తప్పితే అదే డిస్ఆటోనోమియా. అప్పుడు సంకేతాలు సరిగా అందక అల బలహీనపడవచ్చు, ముద్ద ఆగవచ్చు.

‘ఎండోస్కోపీలో అడ్డేమీ కనబడలేదు, ఇదంతా భయమే’ అనేవారున్నారు. భయంతో గొంతు బిగుసుకోవడం నిజమే. కానీ ఎండోస్కోపీ ముఖ్యంగా అన్నవాహిక లోపలి గోడను చూపుతుంది. అల బలాన్ని కొలిచేది మానోమెట్రీ. పైగా 1949లో రైలీ, డే తదితర వైద్యులు వివరించిన వంశపారంపర్య డిస్ఆటోనోమియాలో పసికందులకే పాలు మింగడం కష్టమవుతుంది. దాన్ని భయమని ఎలా కొట్టిపారేస్తాం? ఎవరైనా మింగలేకపోతున్నామంటే నమ్మండి, తొందరపెట్టకండి, డాక్టరుకు చూపించమనండి.