ఇంటి భోజనానికీ ఓ స్కేలు!

గత ఏడు రోజుల్లో మీ ఇంట్లో వాళ్లంతా, లేదా ఎక్కువమంది, కలిసి ఎన్నిసార్లు తిన్నారు? ఒక్కసారి కూడా లేదా? ఒకటి రెండుసార్లా? మూడు నాలుగుసార్లా? ఏడుకు మించా?

సరదాకి అడుగుతున్న ప్రశ్న కాదిది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డయాన్ న్యూమార్క్ స్టైనర్ బృందం 1998-99లో మినియాపొలిస్, సెయింట్ పాల్ ప్రాంతంలోని 31 బడుల్లో 4,746 మంది టీనేజర్లకు ఓ ప్రశ్నపత్రం ఇచ్చింది. అందులో దాదాపు ఇదే ప్రశ్న ఉంది. ఆ అధ్యయనం పేరు ‘ప్రాజెక్ట్ ఈట్’. ఆ పిల్లల్లో చాలామందిని కొన్నేళ్లకోసారి మళ్లీ పలకరిస్తూ వచ్చారు. 2015లో వచ్చిన ఓ పత్రం ఏం తేల్చిందంటే, టీనేజ్‌లో వారానికి ఒకటి రెండుసార్లయినా ఇంట్లోవాళ్లతో కలిసి తిన్నవారు పదేళ్ల తర్వాత అధిక బరువుతో ఉండే అవకాశం, అసలు అలా తినని వారితో పోలిస్తే తక్కువ. అంతకుముందు 2011లో అంబర్ హామన్స్, బార్బరా ఫీస్ 17 అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. అందులో మొత్తం 1,82,836 మంది పిల్లలు, టీనేజర్లు. వారానికి మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు కుటుంబంతో తినేవారు అధిక బరువుతో ఉండే అవకాశం 12 శాతం తక్కువని తేలింది.

ఇది వినగానే ‘అయితే రోజూ అందరం కలిసి తినేస్తే సరి’ అనిపిస్తుంది. కాస్త ఆగండి. ఓ ఇంటిని ఊహించుకోండి. వారంలో ఏడు రాత్రులూ నలుగురూ కలిసే తింటారు. ఇంటర్ చదివే అబ్బాయి బాగా లావు. రెండోసారి అన్నం పెట్టుకోబోతే నాన్న కంచం వైపు చూస్తాడు. ‘ఇంకానా?’ అంటాడు. చెల్లి కిసుక్కున నవ్వుతుంది. అమ్మ ‘తిననివ్వండి, పాపం’ అంటూ ఇంకో గరిటె వేస్తుంది. వాడు గబగబా నాలుగు ముద్దలు మింగి లేచిపోతాడు. అందరూ పడుకున్నాక వంటింట్లో లైటు వెలుగుతుంది.

ప్రశ్నపత్రంలో మాత్రం ఈ ఇంటికి ఫుల్ మార్కులు. ఏడుకి ఏడు!

లెక్క ఒకటి, అనుభవం ఒకటి

‘ఎన్నిసార్లు’ అన్నది లెక్క. ‘ఎలా గడిచింది’ అన్నది అనుభవం. మొదటిదాన్ని ఒక్క ప్రశ్నతో పట్టుకోవచ్చు. రెండోదానికి స్కేలు కావాలి. సైకాలజీ, న్యూట్రిషన్, పబ్లిక్ హెల్త్, స్టాటిస్టిక్స్ చదువుతూ ప్రాజెక్టుకు మంచి అంశం కోసం వెతుకుతున్నారా? అయితే ఇది మీ కోసమే. తెలుగు టీనేజర్లకు సరిపోయే ఇలాంటి స్కేలు తయారుచేయాలంటే ఎంత పని ఉందో, అందులో ఎంత ఆసక్తి ఉందో చూద్దాం.

ప్రాజెక్ట్ ఈట్ వాళ్లకే ఈ తేడా తెలుసు. అందుకే లెక్కతో పాటు భోజనం దగ్గరి వాతావరణం గురించి కూడా కొన్ని వాక్యాలు పెట్టారు. ఇంట్లోవాళ్లతో తినడం ఇష్టమేనా, ఆ సమయంలో కబుర్లు చెప్పుకుంటారా లాంటివి. తర్వాత అదే విశ్వవిద్యాలయంలో జెరికా బర్జ్ ఇంకో అడుగు ముందుకేశారు. అడగడం కాదు, చూద్దాం అనుకున్నారు. 6-12 ఏళ్ల పిల్లలున్న 120 కుటుంబాల భోజనాలను ఇళ్లలోనే వీడియో తీయించి, మాటలనూ తీరునూ ఒక్కొక్కటిగా కోడ్ చేశారు. 2014లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆప్యాయత, అందరూ ఆనందంగా గడపడం కనిపించిన ఇళ్లలో పిల్లలకు అధిక బరువు ముప్పు తక్కువ. కసురుకోవడం, ఓ రోజు వద్దని ఓ రోజు సరేననడం కనిపించిన చోట ఎక్కువ.

ఏది కారణం, ఏది ఫలితం అని మీకు అనుమానం రావాలి. వస్తే మంచి పరిశోధకులవుతారు. కసురుకోవడం వల్ల బరువు పెరిగిందా, బరువు పెరిగిందని కసురుకుంటున్నారా? ఒక్కసారి తీసిన కొలత దీన్ని తేల్చలేదు. అదే పిల్లల్ని ఏళ్ల తరబడి కొలవాలి. అలా కొలవాలంటే ముందు నమ్మదగ్గ స్కేలు చేతిలో ఉండాలి.

ఒకే వాక్యం, రెండు అర్థాలు

ఈ రంగంలో అసలు చిక్కు ఇక్కడుంది. చాలా స్కేళ్లను బరువుతో సంబంధం లేకుండా పిల్లలందరి కోసం తయారుచేశారు. ఊబకాయం ఉన్న టీనేజర్ దగ్గరికి తీసుకెళ్తే అవే వాక్యాలు వేరేగా పలుకుతాయి. ఉదాహరణకు ఈ వాక్యం చూడండి: ‘నేను ఏం తింటున్నానో మా ఇంట్లో పట్టించుకుంటారు.’ సన్నగా ఉన్న అమ్మాయి దీన్ని ప్రేమగా చదువుకుంటుంది. ‘అవును, అమ్మ అడిగి అడిగి పెడుతుంది’ అని ‘ప్రతిసారీ’కి టిక్ కొడుతుంది. ఊబకాయం ఉన్న అమ్మాయి కూడా ‘ప్రతిసారీ’కే టిక్ కొడుతుంది. ఆమె మనసులో ఉన్నది మాత్రం నిఘా. స్కోరు ఒకటే, అనుభవాలు రెండు. రెండు గుంపుల్లోనూ ప్రశ్న ఒకే విషయాన్ని కొలుస్తోందా అని పరీక్షించడానికి స్టాటిస్టిక్స్‌లో పద్ధతి ఉంది. దాన్ని మెజర్‌మెంట్ ఇన్‌వేరియన్స్ అంటారు. ఈ పరీక్ష చేయకుండా రెండు గుంపుల సగటులను పోల్చేసే ప్రాజెక్టు రిపోర్టులే ఎక్కువ. మీరు ఆ పొరపాటు చేయకండి.

మాటల ప్రభావం చిన్నది కాదు. బర్జ్ బృందమే 2013లో ప్రచురించిన మరో పత్రం చూడండి. బరువు గురించి మాట్లాడే తల్లిదండ్రుల పిల్లల్లో డైటింగ్, భోజనం మానేయడం లాంటి అనారోగ్యకరమైన అలవాట్లు ఎక్కువగా కనిపించాయి. బరువు ఊసెత్తకుండా మంచి ఆహారం గురించి మాత్రమే మాట్లాడిన ఇళ్లలో అవి తక్కువ. కాబట్టి ‘తిండి గురించి మాట్లాడతారా?’ అని ఒకే ప్రశ్న అడిగితే పాలూ నీళ్లూ కలిసిపోతాయి. రెండు ప్రశ్నలుగా విడదీయాలి.

మన ఇళ్లలో ఇంకో సంగతి ఉంది, కొసరి కొసరి వడ్డించడం. లియాన్ బర్చ్ బృందం 2001లో తయారుచేసిన చైల్డ్ ఫీడింగ్ క్వశ్చనేర్‌లో ‘తినమని ఒత్తిడి’ ఒక విభాగం, ‘తినకుండా కట్టడి’ ఇంకో విభాగం. అది చిన్నపిల్లల తల్లిదండ్రుల కోసం రాసింది. దాన్ని తెచ్చి ఇక్కడ పెడితే ‘ఇంకొంచెం వేసుకో’ అన్న ప్రతి అమ్మా ఒత్తిడి చేసినట్టే లెక్క! పైగా మన దగ్గర ఆ రెండూ ఒకే పూట, ఒకే నోటి నుంచి వస్తాయి. ‘లావైపోతున్నావ్’ అన్న మాట ముగియకముందే నెయ్యి గిన్నె వస్తుంది. పదేళ్లదాకా ‘బొద్దుగా ముద్దొస్తున్నాడు’ అన్న చుట్టాలే పదిహేనేళ్లకు ‘ఏంట్రా ఇలా అయిపోయావ్’ అంటారు. ఈ తికమకను పట్టే ప్రశ్న ఆ పాత స్కేళ్లలో దొరకదు. మీరే రాయాలి.

టిఫిన్ తింటే భోజనమేనా?

ఇంగ్లిష్ ప్రశ్నలను తెలుగులోకి మార్చి, ఆ తెలుగును ఇంకొకరి చేత మళ్లీ ఇంగ్లిష్‌లోకి మార్పించి సరిచూడటం మామూలు పద్ధతి. బ్యాక్ ట్రాన్స్‌లేషన్ అంటారు. అవసరమే కానీ సరిపోదు. ‘ఫ్యామిలీ మీల్’ను ‘కుటుంబ భోజనం’ అని రాశారనుకోండి. తిరిగి మారిస్తే చక్కగా ‘ఫ్యామిలీ మీల్’ అనే వస్తుంది. పరీక్ష పాస్! తొమ్మిదో తరగతి పిల్లాడికి మాత్రం అదేదో ఫంక్షన్ పిలుపులా వినిపిస్తుంది.

రాత్రి దోసెలో చపాతీలో తిన్నవాళ్లను ‘భోజనం చేశారా?’ అని అడిగి చూడండి. ‘లేదండీ, టిఫిన్ చేశాం’ అంటారు. శనివారం ఉపవాసం ఉండే ఇళ్లలో వారానికి ఒక పూట అలా లెక్కలోంచి జారిపోతుంది. అందరికీ వడ్డించి చివర్లో తినే అమ్మ కలిసి తిన్నట్టా, కానట్టా? ఇక హాస్టల్లో ఉండి ఇంటర్ చదివేవాళ్ల మాటేమిటి? ‘గత ఏడు రోజులు’ అంటే వాళ్ల జవాబు సున్నా. కానీ ఔటింగ్ ఆదివారం నాడు అమ్మానాన్న క్యారియర్ తెచ్చి, కాలేజీ ఆవరణలో చెట్టు కింద కూర్చోబెట్టి తినిపించే ఆ గంట ఉంది చూశారూ, వాళ్లకు నెల మొత్తానికీ అదే ఇంటి భోజనం. దాన్ని వదిలేసిన స్కేలు తెలుగు రాష్ట్రాల్లో పనికిరాదని నా అభిప్రాయం.

జవాబుల గడుల్లోనూ గోతులున్నాయి. ‘గట్టిగా ఏకీభవిస్తాను’ అని ఏ టీనేజరూ మాట్లాడడు. ‘ఎప్పుడూ’ అని పెడితే కొందరు అది ప్రతిసారీ అనుకుంటారు, కొందరు ఎప్పుడూ లేదనుకుంటారు. ‘ప్రతిసారీ’, ‘ఎక్కువసార్లు’, ‘అప్పుడప్పుడు’, ‘ఒక్కసారీ లేదు’ అంటే ఇబ్బంది లేదు. ‘నన్ను ఎవరూ ఏమీ అనరు’ లాంటి వాక్యానికి ‘కాదు’ అని జవాబివ్వాల్సి వస్తే పెద్దవాళ్లే తడబడతారు.

వీటిని పట్టుకోవడానికి కాగ్నిటివ్ ఇంటర్వ్యూ చేస్తారు. ఒక్కో టీనేజర్‌ను విడిగా కూర్చోబెట్టి ప్రశ్న చదివించి, ‘నీకేం అర్థమైంది? నీ మాటల్లో చెప్పు’ అంటారు. ఖర్చు తక్కువ, నేర్పేది ఎక్కువ. ఆ తర్వాతే అంకెలు. ఒకే విషయాన్ని అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అని చూసేది క్రాన్‌బాక్ ఆల్ఫా. 0.7 దాటితే సాధారణంగా ఫర్వాలేదంటారు. 0.95 వస్తే మాత్రం సంబరపడకండి, ఒకే ప్రశ్నను పదిసార్లు అడిగారేమో చూసుకోండి. రెండు వారాల తర్వాత అదే పత్రం మళ్లీ ఇస్తే దాదాపు అవే జవాబులు రావాలి. మధ్యలో సంక్రాంతి సెలవులో, ప్రీ ఫైనల్సో పడకుండా తేదీలు వేసుకోవడం మీ తెలివి.

ఎవరి ముందు అడుగుతున్నారు?

నాన్న పక్కన కూర్చుని ఉంటే ‘భోజనం దగ్గర నా బరువు గురించి ఎగతాళి చేస్తారు’ అన్న వాక్యానికి ఏ పిల్లాడైనా ఏం టిక్ కొడతాడో చెప్పక్కర్లేదు. పత్రం విడిగా నింపించాలి, పేరు బదులు నంబరు ఉండాలి. తల్లిదండ్రులనూ వేరుగా అడగడం మంచిది. ఒకే ఇంటి భోజనాన్ని పెద్దలు ఒకలా, పిల్లలు ఒకలా చెబుతారు. ఆ తేడాను తప్పుగా చూడకండి, అది కూడా డేటాయే.

18 ఏళ్లలోపు వారైతే తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 12 ఏళ్లు దాటినవారి నుంచి రాతపూర్వక సమ్మతి కూడా తీసుకోవాలి. కాలేజీ ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క పత్రం కూడా పంచొద్దు. ఎవరికి ఊబకాయం ఉందో మీ కంటితో తేల్చొద్దు. ఎత్తు, బరువు కొలిచి, వయసుకు తగ్గ బీఎంఐ చార్టుతో చూడాలి. భారతీయ పిల్లల కోసం ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టులున్నాయి. ఆ తూకం కూడా తెర చాటున, ఒక్కొక్కరికీ. క్లాసులో అందరి ముందూ అంకె పైకి చదివితే మీరు కొలవబోతున్న బాధను మీరే కలిగించినట్టు.

ఈ పని నేర్చుకోవాలంటే

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో ఎమ్మెస్సీ అప్లైడ్ న్యూట్రిషన్ ఉంది. ప్రవేశం ఎన్ఐఎన్‌సెట్ ద్వారా. పబ్లిక్ హెల్త్ వైపు వెళ్లాలనుకుంటే హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లోనూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఎంపీహెచ్ చేయొచ్చు. సైకాలజీ వారైతే సైకోమెట్రిక్స్ పేపర్‌ను మార్కుల కోసం గట్టెక్కించే పేపర్‌గా చూడకండి, ఈ పనికి అదే పునాది. లెక్కలు చేయడానికి ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో ‘సైక్’, ‘లావాన్’ అనే ప్యాకేజీలు నేర్చుకుంటే పైన చెప్పిన పరీక్షలన్నీ చేసేయొచ్చు. మొదటి ఉద్యోగం చాలామందికి ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గానే వస్తుంది. చిన్నదనుకోవద్దు. ఏ ప్రశ్న దగ్గర పిల్లలు పెన్ను ఆపుతున్నారో ముందుగా తెలిసేది అక్కడున్న మీకే.

ఈ సెలవుల్లో మొదలుపెట్టాలనుంటే ఓ పది వాక్యాలు రాసుకోండి. తమ్ముడికో, పక్కింటి అమ్మాయికో చదవడానికిచ్చి ‘ఇందులో నీకు అర్థం కాని మాట ఏది?’ అని మాత్రమే అడగండి, జవాబులు అడగొద్దు. ఆ జాబితాతో మీ గైడ్ దగ్గరికి వెళ్లండి.