విద్యార్థుల ఉమ్మడి కృషిగా ఆహ్వానపత్రిక

గిడుగు వెంకట రామమూర్తి జయంతి అయిన ఆగస్టు 29న జరిగే తెలుగు భాషా దినోత్సవానికి విద్యార్థులు కలిసి ఆహ్వానపత్రిక రూపొందించదలిస్తే, తేదీ, సమయం, వేదిక, అతిథుల పేర్లు, హోదాలను ముందుగా నిర్ధారించుకొని, రచన, చిత్రణ, అక్షరదోషాల పరిశీలన పనులను పంచుకోవడం అవసరం.

ఆహ్వానపత్రికలోని పాఠాన్ని యూనికోడ్‌లో, అంటే లిపి సంకేతాలకు ప్రపంచమంతటా ఒకే సంఖ్యలుండే పద్ధతిలో, టైపు చేస్తే అందరూ తమ ఫోన్లలోనే చదివి దిద్దగలరు. తెలుగులో వత్తులు, గుణింతపు గుర్తులు అక్షరానికి పైనా కిందా చేరుతాయి కనుక, వరుసల మధ్య తగినంత ఎడం విడవాలి.

అచ్చుకు పంపే పత్రానికి నలువైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు, ఉంచడం వాడుక. రూపకల్పనలో పాల్గొనని విద్యార్థి చేత తుది ప్రూఫును చదివిస్తే, అలవాటుపడిన కళ్లకు కనిపించని తప్పులు బయటపడతాయి. అతిథి పేరును తప్పు లేకుండా అచ్చువేయడమే ఆయనకు చేసే తొలి మర్యాద.