ప్రీమియర్ పద్మిని

ప్రీమియర్ పద్మిని ఇటలీకి చెందిన ఫియట్ సంస్థ రూపకల్పన ఆధారంగా బొంబాయి (ప్రస్తుత ముంబై)లోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ లిమిటెడ్ తయారుచేసిన నాలుగు తలుపుల కారు. పేరు మారిన తరువాత కూడా దీనిని "ఫియట్ కారు" అనే ఎక్కువగా పిలిచేవారు. తయారీ 2001లో నిలిచిపోయినందున నేడు ఇది పాత బండిగానే దొరుకుతుంది. దాని విలువ సంరక్షణ పైన, పత్రాల పైన ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

ప్రీమియర్ సంస్థను 1944లో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించాడు. ఫియట్ 1100-103 కారు 1953లో ఐరోపాలో విడుదల కాగా, ఆ శ్రేణి కార్లు త్వరలోనే బొంబాయిలోని కుర్లా కర్మాగారంలో తయారు కాసాగినవి. 1964లో 1100 డిలైట్ వచ్చినది. ఇదే 1974లో ప్రీమియర్ పద్మిని అయినది. చిత్తోడు రాణి పద్మిని పేరు దీనికి పెట్టారు. ఇటలీలో 1100 శ్రేణి 1969లోనే ముగిసినా, భారతదేశంలో మరి 32 సంవత్సరాలు కొనసాగినది. లైసెన్సుల విధానం వలన కొత్త కార్లకు అవకాశం లేకపోవడం ఇందుకు ముఖ్య కారణం. ఆ రోజులలో కారు కోసం డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో సేవ నుండి తప్పుకున్నది.

నిర్మాణం

దీనిలో 1089 ఘన సెంటీమీటర్ల, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను ఉంటుంది. ఇంజను ముందు ఉన్నా శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. నాలుగు గేర్ల రాడ్డు స్టీరింగు పక్కన అమర్చి ఉంటుంది. ప్రత్యేక ఛాసిస్ చట్రం లేక బాడీయే బరువును మోస్తుంది. అందుచేత నేల రేకులకు, తలుపుల కింది భాగాలకు తుప్పు పడితే కారు బలమే తగ్గుతుంది. రంగు కొత్తగా కనిపించినంత మాత్రాన బండి బాగున్నదని భావించరాదు. పెట్రోలులో ఇథనాల్ శాతం పెరిగినందున పాత రబ్బరు గొట్టాలను కూడా పరీక్షించవలెను.

కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో నమోదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలాబాదు జిల్లా వాహనాలకు ఏపీ 01, కరీంనగర్ జిల్లా వాహనాలకు ఏపీ 15 సంకేతాలు ఉండేవి. 2014 తరువాత కొత్త వాహనాలకు ఇవి టీఎస్ 01, టీఎస్ 02గా, 2024 మార్చి నుండి టీజీ 01, టీజీ 02గా మారినవి. 2016లో జిల్లాల విభజనతో నిర్మల్‌కు 18, మంచిర్యాలకు 19, జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22 వచ్చినవి. పాత బండ్లకు ఏపీ సంఖ్యలే కొనసాగుతున్నవి. కనుక ఏపీ 15 సంఖ్య గల కారు నేటి జగిత్యాలలోనో పెద్దపల్లిలోనో ఉండవచ్చును.

అమ్మకం, కొనుగోలు

సొంత వాహనాల నమోదు 15 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత తనిఖీ చేయించి, ఐదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవలెను. యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు అవసరం. ఆదిలాబాదుకు మహారాష్ట్ర పొరుగున ఉన్నందున ఎంహెచ్ సంఖ్య గల బండ్లు కూడా అమ్మకానికి రావచ్చు. వాటికి అక్కడి రవాణా అధికారుల నిరభ్యంతర పత్రం ఉండవలెను. ఆర్సీలోని ఇంజను, ఛాసిస్ సంఖ్యలు బండి మీది సంఖ్యలతో సరిపోవలెను. సరిపోని పక్షంలో ఎంత చక్కగా నడిచే కారైనా కొన్నవారి పేరుకు మారదు.

తొలి నమోదు జరిగి 50 ఏళ్ళు దాటి, మూల రూపంలో ఉన్న కార్లను 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజి వాహనాలుగా నమోదు చేయించవచ్చును. అయితే వాటిని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. 1960లలోని డిలైట్‌లకు ఈ అర్హత ఉన్నది. 2000లో నమోదైన పద్మినికి 2050 వరకు ఆ అవకాశం లేదు.