ఇంటి నంబరు లేకున్నా బండి నంబరు

తాండూరు రోడ్ల మీద కేఏ 32 బండి కనిపిస్తే ఎవరూ తిరిగి చూడరు. కలబురగి జిల్లా పక్కనే. నాపరాయి పాలిషింగ్ యూనిట్లలో పనికి, కందుల సీజన్‌లో మార్కెట్‌కు జనం వస్తూ పోతూ ఉంటారు. పనిని బట్టి ఊరు మార్చే కూలీలకు, పూసలో బిందెలో అమ్ముకుంటూ తిరిగే కుటుంబాలకు కొత్త బండి కన్నా పాత టీవీఎస్ ఎక్సెలే అందుబాటు. బేరం చాయ్ హోటల్ దగ్గరే తెగిపోతుంది. ఆర్‌సీ మాత్రం పాత ఓనరు పేరు మీదే ఉండిపోతుంది. ఎందుకలా అంటే వచ్చే జవాబే మొదటి అపోహ.

“సొంతిల్లు లేనోళ్ల పేరు మీద బండి ఎక్కదు.”

చట్టానికి కావాల్సింది మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నదే, ఇల్లు ఎవరిదన్నది కాదు. రిజిస్ట్రేషన్‌కు చూపాల్సిన చిరునామా రుజువులేవో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నాలుగోది చెబుతుంది. ఓటరు జాబితా, పాస్‌పోర్టు వంటివి అందులో ఉన్నాయి. సరైన కారణం వల్ల ఏదీ చూపలేకపోతే నోటరీ ముందో, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందో ప్రమాణం చేసిన అఫిడవిట్‌ను అధికారి అంగీకరించవచ్చు. అయితే అది ఆయన విచక్షణ. అందుకే ఓటరు జాబితాలో పేరు ఉండటం మేలు.

గుడిసె కూడా లేనివాళ్ల పేరు అందులో ఎలా చేరుతుంది? ఎన్నికల సంఘం దీనికి దారి ఎప్పుడో చూపింది. ఫారం 6లో తాము పడుకునే చోటు రాస్తే చాలు, బూత్ లెవెల్ అధికారి రాత్రిపూట వచ్చి చూసి వెళ్తారు. అదీ ఒక్క రాత్రి కాదు. అక్కడే పడుకుంటున్నారని తేలితే నివాసానికి వేరే కాగితం అడగరు. ఈ సంగతి తెలియక ఏజెంటు చేతిలో డబ్బు పోసేవాళ్లే ఎక్కువ.

“పైసలిచ్చినం, బాండ్ పేపర్ మీద సంతకాలైనయి, బండి మనదే.”

అమ్మినవాళ్లకు ఈ నమ్మకం మరీ ప్రమాదం. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో బండి వరుసగా చేతులు మారినా ఆర్‌సీ మొదటి ఓనరు పేరు మీదే ఉంది. ప్రమాదం జరిగింది. రికార్డులో పేరున్నవారే పరిహారానికి బాధ్యులని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తేల్చింది. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవారు, 30 రోజుల్లో కొన్నవారు రవాణా అధికారికి తెలియజేయాలని మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ చెబుతోంది. బీమా పాలసీని తన పేరు మీదికి మార్చమని కొన్నవారు 14 రోజుల్లో కంపెనీని అడగాలి.

“సరిహద్దు దాటితే నంబరు మార్చాల్సిందే” అన్నదీ సగమే నిజం. 47వ సెక్షన్ ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితేనే కొత్త నంబరు కావాలి. సీజన్‌కు వచ్చి వెళ్లే కూలీకి ఆ పని లేదు. కర్ణాటక బండిని కొని వికారాబాద్ జిల్లాలోనే ఉంచుకునేవారికి మాత్రం అక్కడి ఎన్‌ఓసీ తప్పదు, బండి వయసును బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్సూ తప్పదు.

ఇక తెలంగాణ బండ్ల నంబర్లకు 2024 మార్చిలో టీజీ వచ్చింది కాబట్టి పాత టీఎస్ 34 ప్లేట్లు చెల్లవన్నది ఉత్త పుకారు. పదిహేనేళ్లు దాటిన సొంత వాడకపు బండి తుక్కే అన్నదీ అంతే. తనిఖీలో నెగ్గితే ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్ అవుతుంది.

పాత బండి కొనేవారు డబ్బు చేతిలో పెట్టే ముందు ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందేమో చూడండి. ఉంటే అప్పు తీరిందని చూపే ఫారం 35 అడగండి. పేరు మార్పిడికి కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు మాత్రం అమ్మినాయన ఊరు వదలకముందే చేయించుకోండి.