చెవితో చదివే చదువు

మూడేళ్ళ క్రిందటి మాట. బి.ఏ. చదివే కుర్రాడొకడు నా గదికి వచ్చాడు. అతనికి పుట్టుకనుంచీ చూపు లేదు.

"మాష్టారూ! మీరు పంపిన ఛందస్సు పాఠం నా కంప్యూటరు చదవలేకపోతోందండీ. ఏవో ఇంగ్లీషక్షరాలూ, చుక్కలూ, బ్రాకెట్లూ వల్లిస్తోంది" అన్నాడు.

నేను నమ్మలేదు. తెరమీద చూస్తే చక్కని తెలుగు, గుండ్రని అక్షరాలు. అచ్చుతప్పు ఒక్కటైనా లేదనే నా ధీమా. అతడు నన్నూ వినమన్నాడు. నిజమే! ఉత్పలమాల లక్షణం వినిపించవలసిన చోట తలా తోకా లేని ఇంగ్లీషు పొడి అక్షరాలు వినిపించాయి. తెలుగు ఎం.ఏ. చదివి ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నవాణ్ణి. నా పాఠం ఒక విద్యార్థి దగ్గరికి వెళ్ళేసరికి తెలుగే కాకుండా పోయినందుకు సిగ్గు వేసింది.

అసలు సంగతేమంటే, చూపు లేనివారు కంప్యూటరును చెవితో చదువుతారు. తెరమీది మాటలను పైకి చదివి వినిపించే సాధనాలున్నాయి. వాటిని స్క్రీన్ రీడర్లంటారు. వాటిలో ఎన్.వి.డి.ఎ. అనే దానిని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపు లేని యువకుడే మొదలుపెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెలుగూ చదువుతుంది. అయితే అది చదివేది అక్షరం ఆకారాన్ని కాదు, ఆ అక్షరానికి కంప్యూటరు లోపల ఉండే సంకేతాన్ని. మన పాత ముద్రణ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలుండే చోట తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చారు. కంటికి 'క' కనిపిస్తుంది. లోపల ఉండేది మరేదో ఇంగ్లీషక్షరం! 1991లో వెలువడిన యూనికోడ్ పద్ధతిలో తెలుగక్షరాలకు సొంత సంకేతాలు ఏర్పడ్డాయి. అందులో టైపు చేస్తే యంత్రం తెలుగును తెలుగుగానే చదువుతుంది. నేను మాత్రం ప్రెస్సువారి అలవాటు చొప్పున పాత ఫాంటునే పట్టుకొని వేళ్ళాడాను.

ఇది ఒక్క ఫాంటుతో తీరే చిక్కు కాదు. పుస్తకం పుటలను ఫోటోలు తీసి వెబ్‌సైట్లో పెడితే యంత్రానికి అది వట్టి బొమ్మ. ప్రవేశ దరఖాస్తులో ఏ గడిలో పేరు వ్రాయాలో, ఏ గడిలో పుట్టిన తేదీ వ్రాయాలో కంటికి తెలిస్తే చాలదు, గడికి పేరు జతపరచాలి. వంకర అక్షరాలు చూపి "ఇవేమిటో చెప్పు" అని అడిగితే చూపు లేనివాడు గుమ్మంలోనే ఆగిపోతాడు. చెవులు వినపడనివారికి వీడియో పాఠం క్రింద మాటలు అక్షరాలుగా కనబడాలి. చేతులు వణికేవారికి మౌసు ముట్టకుండా, మీటలతోనే పని జరగాలి. ఎరుపు రంగులో ఉన్నవి తప్పనిసరి అంటే రంగుల తేడా తెలియనివారికి ఏం తెలుస్తుంది?

"ఏడాదికి వచ్చే ఇద్దరు ముగ్గురి కోసం ఇంత శ్రమా?" అనేవారున్నారు. అది దయ తలచి చేసే పని కాదు. మన దేశంలో 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తక్కువ కాకుండా సీట్లు కేటాయించమన్నది. సీటిచ్చి పాఠం అందకుండా చేస్తే, విస్తరి వేసి వడ్డించనట్టే గదా! ఇటువంటి సౌకర్యాల ప్రమాణాలు వట్టి సలహాలుగా కాక తప్పనిసరి నియమాలుగా ఉండాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. యాసిడ్ దాడికి గురై కన్నార్పలేనివారిని కూడా కెమెరా ముందు కన్నార్పమనే పద్ధతి మీద వచ్చిన కేసులో, డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో అదే కోర్టు ప్రకటించింది.

ముందుచూపు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో తెలిసివచ్చింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వేలాది ఉపన్యాసాలను లోకానికంతకూ ఉచితంగా ఇచ్చింది. వాటిలో చాలావాటికి సరైన అక్షరరూపం లేదని వినికిడి లేనివారు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం 2016లో తప్పెత్తి చూపింది. సవరించడానికి ఖర్చు ఎక్కువని, 2017లో విశ్వవిద్యాలయం 20,000కు పైగా వీడియోలను ప్రజలకు కనబడకుండా తొలగించింది. వినలేనివారికి మేలు జరగలేదు, వినగలవారికీ దక్కలేదు! చివరకు 2022లో తన డిజిటల్ పాఠాలను అందరికీ అందేలా చేస్తానని ప్రభుత్వంతో ఒడంబడిక చేసుకొంది.

ఇల్లు కట్టేనాడే గుమ్మం వెడల్పుగా పెట్టుకొంటే ఖర్చు స్వల్పం. గోడలు లేచాక పగలగొట్టడమే భారం. బొమ్మ పెట్టేటప్పుడే దాని క్రింద ఒక వాక్యం వర్ణన వ్రాయడానికి నిమిషం చాలు. పైగా ఈ వసతులు ఒకరికే పరిమితం కావు. చత్వారం వచ్చిన తాతగారూ, పిల్లవాడు నిద్రపోతూంటే చప్పుడు లేకుండా పాఠం చూసే తల్లీ వీటినే వాడుకొంటారు.

ఆ వేసవి సెలవుల్లో నా పాఠాలన్నీ యూనికోడులోకి మార్చాను. కాలేజీ తెరవగానే ఆ కుర్రాడికి పంపాను. మర్నాడే వచ్చాడు.

"ఇప్పుడు బాగా చదువుతోందండీ. కాని మాష్టారూ, ఉత్పలమాలకు గణాలు ఏడు గదా! మీ పాఠంలో ఆరే వినిపిస్తున్నాయి. ఒక 'భ' జారిపోయిందేమోనండీ!" అన్నాడు.

తీసి చూశాను. భ, ర, న, భ, భ, ర, వ అని ఉండవలసిన చోట ఒక 'భ' తక్కువగా ఉంది. పాత ఫాంటు రోజులనుంచీ అలాగే ఉంది. ఎన్నో తరగతుల పిల్లలు కళ్ళారా చూశారు, నేనూ చూశాను. ఒక్కరికీ కనబడలేదు.

ఆ పూటే దిద్దుకొన్నాను.